ఫిర్యాదు: మిడ్‌వే డాంట్‌లెస్ కిట్‌లో ఎర్రచుక్క డెకాల్స్, పూడిపోయిన రంధ్రాలు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: 1/48 స్కేల్ ఎస్‌బీడీ-3 డాంట్‌లెస్ (రెండో ప్రపంచ యుద్ధంనాటి అమెరికా డైవ్ బాంబర్ విమానం) ప్లాస్టిక్ నమూనా కిట్‌లో లోపాలు, డెకాల్ షీట్ (విమానం మీద అంటించే గుర్తుల షీట్), రెక్కల స్ప్రూ (భాగాలు అతుక్కుని ఉండే ప్లాస్టిక్ చట్రం) మార్చి పంపడం గురించి.

అయ్యా,

మీ కిట్ పెట్టె మీద ‘మిడ్‌వే, జూన్ 1942’ అని పెద్ద అక్షరాలతో వేశారు. నేను కొన్నది ఆ మాట చూసే. తీరా తెరిస్తే, డెకాల్ షీట్‌లో అమెరికా గుర్తయిన తెల్ల నక్షత్రాల నడుమ ఎర్రచుక్కలున్నాయి. తోక చుక్కానికి ఎరుపు తెలుపు చారలు కూడా ఇచ్చారు. జపాన్ విమానాల మీది ఎర్ర సూర్యుడిగా పొరబడి తమవాళ్ళనే కాల్చేస్తారన్న భయంతో ఆ చుక్కనూ చారలనూ అమెరికా 1942 మే నెలలోనే తీసేయించింది. మిడ్‌వే యుద్ధంలో అకాగి, కాగా, సోర్యూ, హిర్యూ అనే జపాన్ విమానవాహక నౌకలను డాంట్‌లెస్‌లు దెబ్బతీసింది జూన్ 4న. తమాషా ఏమిటంటే, మీ సూచనల పుస్తకంలోని బొమ్మలో చుక్క లేదు. బొమ్మ వేసినవారికి తెలిసిన సంగతి డెకాల్స్ ముద్రించినవారికి తెలియలేదన్నమాట.

దీని గురించి మెయిల్ పెడితే, చుక్క మీద తెల్ల పెయింట్ వేసుకోమని మీవాళ్ళు జవాబిచ్చారు. అప్పట్లో సిబ్బంది కూడా అలాగే చేశారట! చేశారు, నిజమే. కానీ వాళ్ళు డబ్బిచ్చి డెకాల్స్ కొనుక్కోలేదు కదా. పైగా ఎరుపు మీద పలచగా తెలుపు వేస్తే గులాబీ రంగు తేలుతుంది, మందంగా వేస్తే అక్కడ బొడిపె కడుతుంది.

ఇక డైవ్ బ్రేకులు. డాంట్‌లెస్‌ని చూడగానే గుర్తుపట్టేది వీటితోనే. దాదాపు నిట్టనిలువుగా కిందికి దూకేటప్పుడు వేగాన్ని అదుపులో పెట్టే ఈ ఫ్లాపులకు, తోక అదరకుండా ఉండాలని జల్లెడలా రంధ్రాలు పెట్టారు. నాకొచ్చిన కిట్‌లో ఎడమ రెక్క పై ఫ్లాపులో చాలా రంధ్రాలు ప్లాస్టిక్ పొరతో పూడిపోయాయి. ఆ పొర ఒక పక్క మందంగా, ఇంకో పక్క కాగితంలా ఉంది. సన్నటి డ్రిల్ బిట్ పెడితే పలచటి వైపుకి జారిపోతోంది, రంధ్రం కోలగా వస్తోంది. రెండు చూసి ఆపేశాను. బ్రేకులు మూసి అంటించినా ఆ ఫ్లాపు పైకే కనబడుతుంది, దాచడానికి వీల్లేదు.

కానోపీ (పైలట్ కూర్చునే చోటి పారదర్శక కప్పు) మీద చిన్న గీత కూడా ఉంది. అది నేను పాలిష్ చేసుకుంటాను, దానితో పేచీ లేదు.

కాబట్టి చుక్కలు లేని డెకాల్ షీట్, రెక్కల స్ప్రూ మీ ఖర్చుతో పంపండి. కుదరకపోతే కిట్ వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇవ్వండి. ఇంతవరకూ ఏ భాగాన్నీ స్ప్రూ నుంచి కోయలేదు. పెయింట్ వేసుకోమన్న సలహా మాత్రం మళ్ళీ పంపవద్దని మనవి.

ఇట్లు,
మీ కిట్ కొన్న వినియోగదారు

జతపరచినవి: బిల్లు కాపీ, డెకాల్ షీట్ ఫొటో, ఫ్లాపు ఫొటోలు, మీ జవాబు కాపీ