దవడ పళ్లకు కాంపోజిట్ ఫిల్లింగ్: మన దంతవైద్యుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మనం నాలుగైదు విషయాల జోలికి పోలేదు. దవడ పళ్లకు కాంపోజిట్ ఫిల్లింగ్ (పంటి రంగు రెసిన్ సిమెంట్) సరిగా వేయడమెలా అన్న ఒక్క విషయాన్నే పట్టుకుని నెలనెలా కూర్చున్నాం. ఒక నెల కోనసీమలో కలిస్తే మరుసటి నెల చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు కలిశాం. ఆగస్టులో గోదావరి పొంగి లంక ఊళ్ల దారులు మునగడంతో ఆ నెల మాత్రం కుదరలేదు.

ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నామో మళ్లీ చెబుతాను. పాదరసం కలిసిన వెండి సిమెంట్ (అమాల్గం) రోజులు దాటిపోతున్నాయి. పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది, 2018లో మన దేశమూ దాన్ని ఆమోదించింది. యూరోపియన్ యూనియన్ 2025 జనవరి 1 నుంచి, వైద్యపరంగా తప్పనిసరైతే తప్ప అమాల్గం వాడొద్దంది. మన దగ్గర పేషెంట్లే "పంటి రంగు సిమెంట్ పెట్టండి" అని అడుగుతున్నారు. కానీ అమాల్గం కాస్త తడిని ఓర్చుకుంటుంది, కాంపోజిట్ ఓర్చుకోదు.

అందుకే మొదటి రెండు సమావేశాలూ తడి మీదే గడిచాయి. రబ్బర్ డ్యామ్ (పంటిని ఉమ్మికి దూరంగా ఉంచే పల్చటి రబ్బరు తెర) కొత్తదేం కాదు, 1864లో అమెరికాలో శాన్‌ఫర్డ్ బార్నమ్ అనే దంతవైద్యుడు మొదలుపెట్టింది. మనలో చాలామందిమి దాన్ని రూట్ కెనాల్‌కు మాత్రమే బయటికి తీసి, ఫిల్లింగ్‌కు దూదితో సరిపెట్టేవాళ్లం. మన ప్రాంతంలో గాలే తేమగా ఉంటుంది, దానికి నోటి ఆవిరి కూడా తోడవుతుంది. ఎచింగ్ అయిన, అంటే యాసిడ్‌తో గరుకు చేసిన ఎనామెల్‌కు (పంటి పై గట్టి పొర) ఉమ్మి తగిలితే ఆ పని మళ్లీ మొదటి నుంచి చేసుకోవలసిందే. ఇప్పుడు డ్యామ్ వేయకుండా బాండింగ్ (కాంపోజిట్‌ను పంటికి అంటించే ద్రవం) సీసా మూత తీయనని కొందరు సభ్యులు చెబుతుంటే నాకు నిజంగా సంతోషంగా ఉంది.

ఎచింగ్‌లో మనం నేర్చుకున్నది సమయం సంగతి. 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ ఎనామెల్ మీద 15 నుంచి 30 సెకన్లు ఉండొచ్చు గానీ, డెంటిన్ (ఎనామెల్ కింది పొర) మీద 15 దాటకూడదు. కడిగాక డెంటిన్‌ను పొడిపొడిగా ఎండగొడితే అందులోని కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులు కుంగిపోయి బాండింగ్ లోపలికి దిగదు. చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోందని పేషెంట్ వారానికే తిరిగి రావడానికి ఇదొక కారణం. యూనివర్సల్ బాండింగ్ (యాసిడ్ పెట్టినా పెట్టకపోయినా పనిచేసే రకం) వాడేవాళ్లు ఎనామెల్ అంచులకు మాత్రమే యాసిడ్ పెట్టి, బాండింగ్‌ను 20 సెకన్లు రుద్ది, పొర కదలకుండా నిలిచేదాకా గాలి కొడితే ఆ ఇబ్బంది తగ్గుతుంది.

కాంపోజిట్ గట్టిపడేటప్పుడు సుమారు 2, 3 శాతం ముడుచుకుంటుంది. నమిలే వైపు గుంతలో అయిదు గోడలకు అంటుకుని, ఒక్క పైభాగమే వదులుగా ఉంటుంది కాబట్టి ఆ లాగుడంతా అంటుకున్న చోటే పడుతుంది. 2 మిల్లీమీటర్లకు మించని పొరలు, ఎదురెదురు గోడలను ఒకేసారి తాకకుండా ఏటవాలుగా పెట్టాలన్నది అందుకే. మందంగా పెట్టడానికే తయారైన బల్క్ ఫిల్ రకాలను 4 మిల్లీమీటర్ల దాకా ఒకేసారి పెట్టొచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ చర్చ జరిగింది పళ్ల మధ్య కాంటాక్ట్ (పక్కపక్క పళ్లు ఆనుకునే చోటు) మీద. తేగల సీజన్‌లో నేను ఫిల్లింగ్ వేసిన ఒక పెద్దావిడ తిరిగి వచ్చారు. "సిమెంట్ బానే ఉందండి, తేగ తింటే పీచంతా అక్కడే ఇరుక్కుంటోందండి" అన్నారు. ఫ్లాస్ (పళ్ల సందుల్లో దూర్చే దారం) పెట్టి చూస్తే అడ్డు లేకుండా జారిపోయింది. తప్పు నాదే. మొత్తం తీసి మళ్లీ వేశాను. అమాల్గం కూరేటప్పుడు బ్యాండ్‌ను (పంటికి చుట్టే పల్చటి పట్టీ) పక్క పంటి మీదికి నెడుతుంది. మెత్తటి కాంపోజిట్‌కు ఆ బలం లేదు. కాబట్టి ఫిల్లింగ్‌కు ముందే పళ్లను కాస్త ఎడం చేయాలి. వంపున్న సెక్షనల్ మ్యాట్రిక్స్ (పంటికి ఒక పక్కనే పెట్టే బ్యాండ్) పెట్టి, చిగురు దగ్గర వెడ్జ్ (చిన్న చీల) బిగించి, పైన స్ప్రింగులా పళ్లను నెట్టే రింగ్ వేస్తే ఆ ఎడం వస్తుంది. రింగ్ తీశాక పళ్లు దగ్గరకు జరిగి, బ్యాండ్ మందం మేర ఖాళీ పూడిపోతుంది. మొదట పక్క గోడ కట్టేస్తే మిగిలింది మామూలు గుంతే. నేను ఆవిడకు రెండోసారి ఇలాగే చేశాను, ఫ్లాస్ ఈసారి టక్కుమని దిగింది.

నవంబరులో అందరి క్యూరింగ్ లైట్లూ (కాంపోజిట్‌ను గట్టిపరిచేవి) కాంతి బలం కొలిచే మీటర్ పెట్టి చూశాం. కొన్నిటి కొనకు ఎండిపోయిన రెసిన్ అంటుకుని ఉంది, కొన్నిటి బ్యాటరీ నీరసించింది. పైకి నీలం కాంతి బాగానే కనిపిస్తుంది, అడుగు పొర మాత్రం పచ్చిగా మిగులుతుంది. పై దవడ చివరి పంటికి లైట్ నిటారుగా ఆనదు కాబట్టి, మ్యాట్రిక్స్ తీశాక బుగ్గ వైపు నుంచీ అంగిలి వైపు నుంచీ మరోసారి వేయడం మంచిది.

చందాలతో ఆ మీటర్, రెండు రింగ్ సెట్లు కొన్నాం. మిగతా లెక్కలు కోశాధికారి ఇచ్చిన కాగితంలో ఉన్నాయి.

వచ్చే సమావేశం స్టాంప్ పద్ధతి మీద. పైన గట్లూ గాడులూ చెడకుండా లోపల పుచ్చిన పంటికి ముందే అచ్చు తీసుకుని, చివరి పొర మీద టెఫ్లాన్ టేపు పరిచి ఆ అచ్చు నొక్కుతాం. పీకేసి శుభ్రం చేసిన దవడ పళ్లు రెండేసి, ఎండనివ్వకుండా తడిలోనే ఉంచి తీసుకురండి. కరెంటు పోయినా పని ఆగకుండా లైట్లు నిండా ఛార్జింగ్ పెట్టుకుని రండి.

కార్యదర్శి