చిక్కు విప్పిన అక్కకు

ఈ నాలుగు మాటలు మా పక్క వీధి అక్క కోసం. పేరు రాయొద్దని గట్టిగా చెప్పింది, అందుకే రాయడం లేదు. చదివితే తనకే తెలుస్తుంది.

మాది పుట్టపాక. 2020లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన తేలియా రుమాల్ అనే చేనేత వస్త్రం మా ఊరిదే. ఇంట్లో అమ్మ ఆసు పోస్తుంది, అంటే నేతకు ముందు పోగులను వరుసగా చుడుతుంది. నాన్న చిటికి కడతాడు, అంటే రంగు అద్దడానికి ఆ పోగులకు ముడులు వేస్తాడు. నేను నల్గొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను.

మా డిజైన్లన్నీ ముందు గ్రాఫ్ పేపర్ మీద పుడతాయి. ఒక్కో గడి అంటే కొన్ని పోగుల కట్ట. రంగు పట్టకూడని చోట రబ్బరు పట్టీ చుట్టి ముడి బిగించాలి, రంగులో ముంచాలి, ఆరాక విప్పాలి, మళ్లీ ఇంకో చోట కట్టాలి. పడుగుకూ అంతే, పేకకూ అంతే. గడుల లెక్కలో ఒక్కటి తప్పితే నేతలో పువ్వు అంచు పక్కకు జరుగుతుంది. నాన్న రాత్రి బల్బు కింద కూర్చుని పెన్సిల్ మొన ఒక్కో గడి మీద పెట్టి లెక్కపెడతాడు. ఎవరైనా పలకరిస్తే లెక్క పోతుంది, వరుస మళ్లీ మొదటి నుంచి. ఈ మధ్య ఎవరూ పలకరించకపోయినా లెక్క పోతోంది. చూపు తగ్గింది.

అందుకే పైథాన్ భాషలో ఒక చిన్న ప్రోగ్రామ్ రాద్దామనుకున్నాను. డిజైన్‌ను కంప్యూటర్లో గడికి ఒక చుక్క చొప్పున గీస్తే, ఒక్కో వరుసలో ఎన్ని తెలుపు, ఎన్ని ఎరుపు, ఎన్ని నలుపు వరసగా వస్తాయో లెక్కగట్టి ఎక్సెల్ షీటులో పెట్టాలి. ముప్పై లైన్ల పని. బొమ్మ చదవడానికి పిల్లో, ఎక్సెల్ రాయడానికి ఓపెన్‌పైఎక్సెల్ అనే లైబ్రరీలు (వేరేవాళ్లు ముందే రాసిపెట్టిన కోడ్) కావాలి. ఇవి పైథాన్‌తో పాటు రావు, పిప్ అనే కమాండ్‌తో మనమే దించుకోవాలి. ఆ దించుకోవడం దగ్గరే నాలుగు రోజులు ఆగిపోయాను.

మొదటి రోజు కంప్యూటర్ పిప్ అనే కమాండే తెలియదంది. పైథాన్ వేసేటప్పుడు మొదటి తెర కింద ‘పాత్‌కు కలపాలా’ అని చిన్న గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టలేదు. కమాండ్లు ఎక్కడ వెతకాలో కంప్యూటర్‌కు చెప్పే జాబితా పేరే పాత్. అది నాకు అప్పుడు తెలియదు. పైథానే సరిగ్గా పడలేదేమో అనుకుని మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి ఇంకోసారి వేశాను. పిప్ పనిచేసింది. పిఐఎల్ ఇన్‌స్టాల్ చేయమంటే అలాంటిది లేదంది. ప్రోగ్రామ్‌లో రాసేది ‘ఇంపోర్ట్ పిఐఎల్’ అని కాబట్టి దించేది కూడా అదే పేరుతో అనుకున్నాను. తర్వాత పిల్లో అని కొడితే ‘సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్’ అని వచ్చింది. సంతోషంగా, నేను ప్రోగ్రామ్ రాసే వీఎస్ కోడ్‌లో రన్ చేస్తే మళ్లీ అదే మాట: పిఐఎల్ అనే మాడ్యూల్ లేదు. తీసేసి వేశాను, మళ్లీ వేశాను. ఇన్‌స్టాల్ అయింది అని పిప్, లేదు అని వీఎస్ కోడ్. ఏడుపొచ్చింది.

అక్క హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. అమ్మే తనకు ఫోన్ చేసి నా సంగతి చెప్పింది. రాత్రి తొమ్మిదిన్నరకు డ్యూటీ నుంచి వచ్చి, అన్నం కూడా తినకుండా నాకు ఫోన్ చేసింది. “స్క్రీన్ నాకు పంపకు. ఎర్రర్‌ల కింది లైన్ చదువు” అంది. పైన ఎర్రగా అంత పొడుగున్నది చూసి భయపడుతున్నానని చెప్పాను. “అదంతా ఏ దారిల వచ్చిందో చెప్తది. ఏమైందో ఆఖరి లైన్ల ఉంటది. కొస దొరికితే చిక్కు అదే విడుతది, ఆసు పోసే ఇంట్ల పుట్టి నీకు నేను చెప్పాల్నా?” అంది.

తర్వాత రెండే లైన్లు రాయించింది: ఇంపోర్ట్ సిస్, ప్రింట్ సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్. ఇప్పుడు నడుస్తున్న పైథాన్ ఏ ఫోల్డర్లో ఉందో అది చెబుతుంది. వీఎస్ కోడ్‌లో ఒకసారి, కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్ తెరిచి ఒకసారి నడిపించింది. రెండు దారులు వచ్చాయి. ఒకటి ప్రోగ్రామ్స్ కింద పైథాన్ ఫోల్డర్, ఇంకొకటి విండోస్‌యాప్స్, అంటే స్టోర్ నుంచి వేసింది. నా ల్యాప్‌టాప్‌లో రెండు పైథాన్లున్నాయి. పిప్ ఒకదానికి తెచ్చి ఇస్తోంది, నేను ఇంకోదాన్ని అడుగుతున్నాను. ఎర్రర్ అబద్ధం చెప్పలేదు, ఇన్‌స్టాల్ అయిందన్న మాటా అబద్ధం కాదు. ఆ క్షణంలో నాకు కలిగిన తేలిక ఎలా చెప్పాలో తెలియడం లేదు.

స్టోర్‌ది తీసేయించింది. నా పని ఫోల్డర్లోనే పైథాన్‌తో వచ్చే వీఎన్వ్‌తో విడిగా ఒక ఎన్విరాన్‌మెంట్ పెట్టించింది, అంటే ఈ పనికి మాత్రమే వేరుగా పైథాన్, దాని లైబ్రరీలు. విండోస్‌లో కమాండ్లు కొట్టే పవర్‌షెల్‌లో దాన్ని యాక్టివేట్ చేయబోతే స్క్రిప్టులు నడపడానికి అనుమతి లేదంది. సెట్టింగ్ ఏదీ మార్చనివ్వలేదు, మామూలు కమాండ్ ప్రాంప్ట్‌లో చేయించింది. వీఎస్ కోడ్‌లో కూడా ఆ ఎన్విరాన్‌మెంట్‌లోని పైథాన్‌నే ఎంచుకోమంది. ఇక నుంచి ఉత్తి పిప్ అని కొట్టొద్దు, ‘పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్’ అని కొట్టు అంది. అలా అయితే ఏ పైథాన్‌ను పిలిచామో దానికే చేరుతుంది. నాలాగా కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇదొక్కటి రాసి పెట్టుకోండి.

పేర్ల సంగతి కూడా ఓపికగా చెప్పింది. పిఐఎల్ అనేది పాత లైబ్రరీ, దాని చివరి వెర్షన్ 2009లో వచ్చింది. తర్వాత వేరేవాళ్లు దాన్ని అందుకుని పిల్లో అని నడిపిస్తున్నారు. పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదని లోపలి పేరు మార్చలేదు. అలాగే ప్రోగ్రామ్‌లో సీవీ2 అని రాసే లైబ్రరీని ఓపెన్‌సీవీ-పైథాన్ అని, బీఎస్4 అని రాసేదాన్ని బ్యూటిఫుల్‌సూప్4 అని దించుకోవాలట. పిప్ దించుకొచ్చే చోటైన పైపీఐలో ఎవరైనా ప్యాకేజీ పెట్టొచ్చు, అక్షరం తేడాతో మోసపు ప్యాకేజీలు కూడా ఉంటాయి, కాబట్టి పేరు ఆ లైబ్రరీ సొంత పేజీలో చూసుకుని కొట్టమంది.

పదకొండున్నరకు అన్నీ దిగాయి. అయినా ఎక్సెల్ భాగం ఆగింది. ఓపెన్‌పైఎక్సెల్ సగమే లోడైంది, అందులో వర్క్‌బుక్ లేదు అని ఏదో వచ్చింది. ఆఖరి లైన్ నేనే చదివాను. “నీ ఫైలుకు ఏం పేరు పెట్టినవ్?” అని అడిగింది. ఓపెన్‌పైఎక్సెల్ అనే పెట్టాను. పైథాన్ ముందు నా ఫోల్డర్లో వెతికి, నా ఫైలునే లైబ్రరీ అనుకుంటోంది. చిటికి అని పేరు మార్చగానే షీటు తయారైంది. రెండు గంటల్లో ఒక్కసారి కూడా విసుక్కోలేదు, “జరగు, నేను చేస్తా” అనలేదు. ప్రతి అక్షరం నాతోనే కొట్టించింది.

మొదట వచ్చిన లెక్కలు తప్పు. బొమ్మను జేపెగ్‌లో సేవ్ చేస్తే రంగుల అంచులు కలిసిపోయి లేని రంగులు వచ్చాయి. పీఎన్‌జీకి మార్చాక సరిపోయింది. నారాయణపూర్‌లో నెట్ సెంటర్ అన్న ఆ షీట్లు పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి, ఎందుకో తెలిశాక డబ్బులు తీసుకోలేదు. అన్నా, మీకూ థ్యాంక్స్.

నాన్న మొదటి పది వరుసలు కాగితాన్ని నమ్మలేదు. పక్కన గ్రాఫ్ పెట్టుకుని పెన్సిల్‌తో ఒక్కో గడి సరిచూశాడు. పదకొండో వరుసకు పెన్సిల్ చెవి మీద పెట్టుకుని, రబ్బరు పట్టీ అందుకుని, కాగితం చూసి కట్టడం మొదలుపెట్టాడు. అక్కా, ఈ మాట ఫోన్‌లో చెప్పబోతే గొంతు పట్టేసింది, అందుకే ఇక్కడ రాశాను. సంక్రాంతికి ఊరికి వస్తావు కదా, సకినాలు నీకు వేరే డబ్బాలో తీసి పెడతానంది అమ్మ.