శనివారం ప్రాక్టీస్‌కు ముందు ఒక్కసారి చదవండి

అందరికీ నమస్తే. మన కాలేజీ వాటర్‌స్కీ (పడవ తాడుతో లాగుతుంటే స్కీల మీద నీళ్లపై జారే ఆట) టీమ్‌లోని తెలుగువాళ్లకు, ముఖ్యంగా ఈ సెమిస్టర్‌లో చేరిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ మెసేజ్.

నిన్న షెడ్డులో స్లాలమ్ (బోయాల చుట్టూ వంకర్లు తిరుగుతూ వెళ్లే పోటీ) తాడు మొత్తం విప్పి చేత్తో తడిమి చూశాను. తాడు పొడవు మార్చుకోవడానికి ఉండే రంగు లూపుల్లో ఎరుపు లూప్ దగ్గర, అంటే 18.25 మీటర్ల పొడవు దగ్గర, పోగులు లేచి దూదిలా అయిపోయాయి. మనలో ఎక్కువ మంది వాడేది ఆ పొడవే, అందుకే అక్కడే ముందు అరిగింది. గంటకు 55 కిలోమీటర్ల వేగంలో తాడు తెగితే ఆ ముక్క పడవలో ఉన్నవాళ్ల ముఖానికి తగలొచ్చు. దాన్ని పక్కన పెట్టేశాను. దయచేసి ముడి వేసి మళ్లీ వాడొద్దు. కొత్త తాడు టీమ్ ఫీజు డబ్బుతో కొంటున్నాం, బాకీ ఉన్నవాళ్లు ఈ వారమే కట్టండి.

లైఫ్ జాకెట్లు తడిగా బ్యాగులో కుక్కొద్దు, నీడలో ఆరేయండి. బైండింగ్ (పాదాన్ని స్కీకి పట్టి ఉంచే బూటు) స్క్రూలు ఎవరివి వాళ్లే బిగించుకోవాలి. జంప్‌కు (ర్యాంప్ మీద నుంచి ఎగిరే పోటీకి) హెల్మెట్ లేకుండా ఎవరినీ పంపను.

పోయిన ఏడాది నేను డ్రెయిన్ ప్లగ్ (పడవ అడుగున నీళ్లు బయటకు పోయే రంధ్రానికి పెట్టే బిరడా) పెట్టకుండానే పడవ నీళ్లలోకి దించాను. రెండు నిమిషాల్లో పాదాల దాకా నీళ్లొచ్చాయి. ఆ భయం ఇంకా పోలేదు. ఇకపై ప్లగ్‌ను ఇద్దరు చూశాకే ట్రైలర్ కదలాలి.

స్కీయర్‌నే చూస్తూ కూర్చునే మనిషి పడవలో తప్పనిసరి. పొద్దున ఆరున్నరకు ఎవరెవరు వస్తున్నారో చెప్పండి.