ఇంటి భాష సాకుతో సాయం ఆపొద్దు

సంపాదకుడు గారికి,

అమెరికా చదువులంటే మన పత్రికల్లో వీసాలు, ఫీజుల వార్తలే ఎక్కువ. ఇక్కడి బడుల్లో ఆటిజం, డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) వంటి సమస్యలతో చదువుతున్న తెలుగు పిల్లల సంగతి చాలా అరుదుగా వస్తోంది.

మేం డాలస్ దగ్గర ఉంటాం. పిల్లవాడికి మాటలు సరిగా రావడం లేదు, పరీక్షించండి అని బడిని అడిగితే, “ఇంట్లో తెలుగు మాట్లాడతారు కదా, ఇంగ్లీషు అలవాటైతే సర్దుకుంటుంది, ఇంకో ఏడాది చూద్దాం” అన్న జవాబు మాలాంటి ఎన్నో ఇళ్లవాళ్లు విన్నారు. కొందరైతే భయపడి పిల్లలతో తెలుగు మాట్లాడటమే మానేశారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. 1964 పౌరహక్కుల చట్టం జాతి, మూలదేశం ఆధారంగా వివక్షను నిషేధించింది. 1973 పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ వైకల్యం ఆధారంగా వివక్ష కూడదంది. మన పిల్లలకు ఈ రెండు రక్షణలూ ఉన్నాయి, తల్లిదండ్రులు ఏ వీసా మీద ఉన్నా సరే.

టెక్సస్‌లో మరీ జాగ్రత్తగా ఉండాలి. ప్రత్యేక విద్య (వైకల్యం ఉన్న పిల్లలకు బడి ఇచ్చే అదనపు సాయం) పొందేవారు మొత్తం విద్యార్థుల్లో 8.5 శాతం దాటకూడదన్నట్టుగా రాష్ట్ర విద్యాశాఖ 2004 నుంచి ఏళ్ల తరబడి బడులను నడిపించింది. అది చట్టవిరుద్ధమని అమెరికా కేంద్ర ప్రభుత్వం 2018లో తేల్చేసరికి, ఎందరో పిల్లలు ఏ సాయమూ అందకుండానే బడి దాటేశారు.

టీచర్‌తో నోటిమాటగా చెబితే చాలదు. పిల్లవాణ్ని పరీక్షించమని ప్రిన్సిపాల్‌ని రాతపూర్వకంగా అడిగితే, బడి నడిచే 15 రోజుల్లోపు జవాబివ్వాలని టెక్సస్ నిబంధన ఉంది. అక్కడ వివక్ష జరిగిందనిపిస్తే, జరిగిన 180 రోజుల్లోపు అమెరికా కేంద్ర విద్యాశాఖలోని పౌరహక్కుల కార్యాలయానికి ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఫిర్యాదు చేశారని కక్ష సాధించడం కూడా చట్టవిరుద్ధమే. “హెచ్‌1బీ మీద ఉన్నాం, మనకెందుకు ఈ టెన్షన్” అని ఊరుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

2025 మార్చిలో ఆ పౌరహక్కుల కార్యాలయానికి ఉన్న 12 ప్రాంతీయ శాఖల్లో ఏడింటిని మూసేయాలని నిర్ణయించారు. వాటిలో మా డాలస్ ఒకటి. ఇలాంటి సమయంలో ఒక్కో కుటుంబం ఒంటరిగా పోరాడటం కష్టం. ఇక్కడి తెలుగు సంఘాలు తమ మహాసభల్లో ఫిర్యాదు రాయడానికి సాయపడే బల్ల ఒకటైనా పెట్టాలి.

మీ పత్రిక ఈ నిబంధనలను తెలుగులో వివరంగా ప్రచురించాలని కోరుతున్నాను. ఊళ్లో ఉన్న తాతయ్యలు, అమ్మమ్మలు కూడా చదువుతారు. “వాళ్ల నాన్నకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయిలే” అని ఫోన్‌లో ధైర్యం చెప్పేది వాళ్లే కాబట్టి, వాళ్లకీ తెలియాలి.

— ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సస్