ఏర్పాటు వేరు, తలరాత వేరు

సంపాదకుడు గారికి,

క్రైస్తవుల రక్షణ (పాపం నుంచి విముక్తి) సిద్ధాంతంపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసంలో ‘ప్రిడెస్టినేషన్’ను, అంటే ఎవరిని రక్షించాలో దేవుడు ముందే నిర్ణయించడాన్ని, రెండుచోట్ల ‘తలరాత’ అనీ, ఒకచోట ‘కర్మ’ అనీ రాశారు. చదివేవారికి సులువుగా అందాలని అలా రాసి ఉంటారు గానీ, అర్థం తలకిందులైంది.

తలరాతను బ్రహ్మ ఊరికే రాయడు, పూర్వజన్మలో చేసుకున్నదాన్ని బట్టి రాస్తాడంటారు. అంటే కారణం మనిషి దగ్గరే ఉంది. రోమీయులకు రాసిన పత్రిక 9:11 దీనికి సరిగ్గా ఎదురు చెబుతుంది. కవలలైన ఏశావు, యాకోబు పుట్టకముందే, మంచీ చెడూ ఏదీ చేయకముందే దేవుడు ఏర్పరచుకున్నాడంటుంది. కారణం దేవుడి సంకల్పంలో ఉందే తప్ప మనిషి ఖాతాలో లేదు. దీనికి తెలుగు బైబిల్లోనే ‘ఏర్పాటు’, ‘ముందుగా నిర్ణయించెను’ అన్న మాటలున్నాయి. వాటిని వదిలి తలరాత దాకా పోవడం ఎందుకు? యోహాను సువార్త 3వ అధ్యాయంలోని ‘తిరిగి జన్మించడం’ కూడా వ్యాసంలో ‘పునర్జన్మ’ అయింది. చచ్చి మళ్లీ పుట్టడం కాదది, బతికుండగానే జరిగేది.

‘క్రైస్తవులందరూ నమ్మేది ఇదే’ అన్న వాక్యమూ నిలవదు. 1610లో నెదర్లాండ్స్‌లో వేదాంతి అర్మీనియస్ శిష్యులు అయిదు అంశాలు రాసిచ్చారు; విశ్వసించేవారిని రక్షించాలన్నదే దేవుడి నిర్ణయమన్నది వాటిలో మొదటిది. 1618-19లో డచ్ చర్చి డార్ట్ నగరంలో జరిపిన సభ దాన్ని కొట్టేసి, విశ్వాసం ఎన్నికకు (ఏర్పాటుకు) కారణం కాదు, ఫలితమని తేల్చింది. మెథడిస్టులు అర్మీనియస్ వైపు. లూథరన్లది మరో దారి: 1577 నాటి వారి ఒప్పుకోలు ప్రకారం ఎన్నిక రక్షణకే, నాశనానికి నిర్ణయమంటూ లేదు. గూడూరు, నాయుడుపేట వైపు పాత జర్మన్ మిషన్ సంఘాలు ఆ కోవలోవే.

‘అంతా ముందే నిర్ణయమైతే ప్రచారం దేనికి?’ అని వ్యాసకర్త అడిగారు. మంచి ప్రశ్నే. అమెరికా బాప్టిస్టులు విస్తృతంగా ఒప్పుకున్న 1833 న్యూ హాంప్‌షైర్ విశ్వాస ప్రకటనలో ఏర్పాటు గురించిన అంశం దీనికి జవాబిచ్చింది. ఏర్పాటు మనిషి స్వేచ్ఛకు అడ్డు కాదనీ, గమ్యంతోపాటు దానికి చేర్చే సాధనాలూ అందులో భాగమేననీ దాని సారం. వాక్యం చెప్పడం అలాంటి సాధనమే. ఎన్నికైనవాడు వినకుండానే గట్టెక్కుతాడని ఆ లెక్కలో లేదు.

ఆచరణలో అదెలా ఉండేదో మన ఒంగోలు చరిత్రే చెబుతుంది. 1876-78 కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ పని మూడున్నర మైళ్లు గుత్తకు తీసుకుని కూలి ఇప్పించారు. అన్నం కోసం మతంలోకి వస్తున్నారన్న మాట పడకూడదని ఆ రోజుల్లో ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశారు. కరువు తగ్గాకే మళ్లీ మొదలుపెట్టారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి ఒక్కరోజే బాప్తిస్మం ఇచ్చారు. బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో దిగారు. రక్షించేది దేవుడేనని నమ్మినవారే, వచ్చినవాడు దేనికోసం వచ్చాడో చూడాలనుకున్నారు. తలరాత అనుకుంటే ఆ జాగ్రత్తతో పనేముంది?

ఇప్పటి సభల్లో ఈ జాగ్రత్తే సడలుతోంది. వేదిక మీది నుంచి చెప్పిన ప్రార్థనను జనం నాలుగు వాక్యాలు తిరిగి పలికి చేతులెత్తుతారు. మర్నాడు పత్రికలో ‘వేలాదిమందికి రక్షణ’ అని వస్తుంది. మారుమనస్సు కలిగిందో లేదో విలేకరికి కనపడదు, ఆ మాటకొస్తే పాస్టరుకూ కనపడదు. విలేకరి లెక్కపెట్టగలిగింది ఎత్తిన చేతులనే కాబట్టి ‘చేతులెత్తారు’ అని రాయమనండి. బాప్తిస్మాల సంఖ్య కావాలంటే సంఘం రిజిస్టరు అడిగి వేయండి. ‘తలరాత’, ‘కర్మ’, ‘పునర్జన్మ’లకు వచ్చే ఆదివారం సవరణ ప్రచురించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, ఒంగోలు