దొరకని హంతకుడి మనసుకు వాంగ్మూలం ఎవరిచ్చారు?

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో, 1888లో లండన్ వైట్‌చాపెల్ పేటలో వరుసగా స్త్రీలను చంపి ఎన్నడూ దొరకని జాక్ ది రిప్పర్ మనస్తత్వం మీద వచ్చిన రెండు పేజీల వ్యాసం చదివాను. పాతపట్నం మీదుగా మా పర్లాకిమిడికి పొద్దున్నే వచ్చే మీ పత్రికను ఏళ్ల తరబడి చదువుతున్నవాణ్ని, ఉద్యోగమంతా కోర్టులో బెంచి గుమస్తాగా సాక్షుల మాటలు వింటూ గడిపినవాణ్ని కనుక ఒక అభ్యంతరం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఆ హంతకుడు తల్లి మీది ద్వేషంతో ఆడవాళ్లను చంపాడని, పోలీసులను ఆటపట్టించి ఆనందించాడని, వేశ్యలను తుడిచిపెట్టి ఊరిని శుద్ధి చేస్తున్నానని నమ్మాడని వ్యాసకర్త మూడు కారణాలు రాశారు. మూడింటినీ ‘కావచ్చు’ అని మొదలుపెట్టి, పేజీ తిరిగేసరికి ‘కాబట్టి’ అనేశారు. ఆ రెండు మాటల మధ్య ఉండవలసిన సాక్ష్యం నాకు కనిపించలేదు.

విక్టోరియా రాణి కాలం మాకేమీ పరాయి కాలం కాదు. ఆ హత్యలు జరిగిన 1888లో గిడుగు రామమూర్తి గారు మా ఊరి రాజావారి బడిలో పాఠాలు చెబుతుండేవారు. నేను ఉద్యోగమంతా చేతిలో పట్టుకు తిరిగిన సాక్ష్య చట్టం 1872 నాటిది. నేరానికి ప్రేరణ ఏమిటో చూపే విషయాన్ని విచారణలోకి తేవచ్చని దాని 8వ సెక్షన్ ఒప్పుకునేది (2024లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది). అయితే చూపే విషయమంటూ ఒకటి ఉండాలి కదా. రిప్పర్ కేసులో ముద్దాయి లేడు, వాడి ఇల్లు తెలియదు, వాడి తల్లి ఎవరో అసలే తెలియదు. మిగిలినవి శవాలు, వాటిని చూసిన డాక్టర్ల మాటలు, వేళలు, వీధులు, కొన్ని ఉత్తరాలు. వాటిలో ఏది ఎంత బరువు మోయగలదో చూడకుండా మనసు దాకా వెళ్లిపోవడం నా అలవాటుకు నచ్చదు.

మొదట హత్యల లెక్కే చూడండి. ఆగస్టు 31న మేరీ ఆన్ నికొల్స్, సెప్టెంబరు 8న ఆనీ చాప్‌మన్, సెప్టెంబరు 30 తెల్లవారుజామున ఎలిజబెత్ స్ట్రైడ్, గంట తిరగకుండానే కేథరిన్ ఎడోస్, నవంబరు 9న మేరీ జేన్ కెల్లీ. ఈ ఐదూ ఒకే చేతి పని అని పోలీసుల తరఫు డాక్టర్ థామస్ బాండ్ 1888 నవంబరులోనే రాశారు. 1894లో పోలీసు అధికారి మెక్‌నాటెన్ తన నోటులో ఐదే అని గట్టిగా చెప్పారు. అప్పటి నుంచి లోకమంతా ఐదే అంటోంది. కానీ వైట్‌చాపెల్ హత్యల పేరుతో పోలీసులు పెట్టిన దస్త్రంలో, 1888 ఏప్రిల్ నుంచి 1891 ఫిబ్రవరి దాకా, పదకొండు చావులున్నాయి. ఆగస్టు 7న 39 కత్తిపోట్లతో చనిపోయిన మార్తా టాబ్రమ్‌ను కలిపితే హంతకుడు కోపంతో ఒళ్లు తెలియక పొడిచేవాడిలా కనిపిస్తాడు. ఆమెను వదిలేస్తే నిబ్బరంగా పని ముగించుకుని వెళ్లేవాడిలా కనిపిస్తాడు. స్ట్రైడ్ మెడ మీద తప్ప వేరే కత్తిగాటు లేదు. ఎవరో అటు రావడంతో వాడు పని మధ్యలో వదిలి పారిపోయాడని కొందరు, అసలు వేరేవాడి పని అని కొందరు అంటారు. ఎవరెవరిని లెక్కలోకి తీసుకున్నామన్నదాన్ని బట్టి వాడి మనసే మారిపోతుంటే, ఆ మనసు వాడిదా, లెక్క కట్టినవాళ్లదా?

గాయాల నుంచి ఏమీ తెలియదని నేను అనడం లేదు. ఒక్క విషయం బాగానే తెలుస్తుంది. వాడు ముందు గొంతు కోశాడు. మిగిలిన కోతలన్నీ ప్రాణం పోయాకే. అంటే ఎదుటి మనిషి బాధపడుతుంటే చూసి సంతోషించడం వాడి అవసరం కాదని చెప్పడానికి ఆధారం ఉంది. ఆ స్త్రీలు నరకయాతన పడుతుంటే వాడు ఆనందించాడని మీ వ్యాసకర్త రాసింది దీనికి పూర్తిగా ఎదురు. ఎడోస్ హత్య జరిగిన మైటర్ స్క్వేర్‌లో గస్తీ పోలీసు ఒంటిగంటన్నరకు వచ్చి చూస్తే ఎవరూ లేరు. 1:44కు మళ్లీ వచ్చేసరికి ఎడోస్ శవం ఉంది. ఆ పద్నాలుగు నిమిషాల లోపే పని ముగించి, చీకట్లో దారి చూసుకుని వెళ్లిపోయినవాడికి తాను చేసేది తప్పని, దొరికితే ఉరి అని తెలియదనుకోలేం. వైద్యుడు వాడి జబ్బుకు ఏ పేరైనా పెట్టవచ్చు గాని, చేసేది తప్పని తెలియనంత మతి చెడితేనే మినహాయింపు ఇచ్చే, 1843 నుంచి ఇంగ్లండు కోర్టుల్లో నడుస్తున్న మెక్‌నాటన్ నియమాల ప్రకారం (పైన చెప్పిన పోలీసు అధికారికి వీటితో సంబంధం లేదు) వాడు పిచ్చివాడిగా తప్పించుకునే అవకాశం తక్కువ.

ఇంతకు మించి అడిగితే ఆ డాక్టర్లే ఒక మాట మీద లేరు. చాప్‌మన్ శవాన్ని పరీక్షించిన ఫిలిప్స్ హంతకుడికి శరీర నిర్మాణం తెలుసన్నారు. ఎడోస్‌ను పరీక్షించిన బ్రౌన్ కూడా ఇంచుమించు అదే అన్నారు. బాండ్ మాత్రం కసాయివాడికి ఉండేపాటి జ్ఞానం కూడా వీడికి లేదన్నారు. చాప్‌మన్ కేసు విచారించిన కరోనర్ (అనుమానాస్పద చావులను విచారించే అధికారి) బాక్స్‌టర్, గర్భాశయాలకు ఒక్కొక్కదానికి 20 పౌండ్లు ఇస్తానన్న అమెరికన్ ఒకడున్నాడని విని, డబ్బాశే కారణం కావచ్చన్నారు. అంటే 1888 చివరి నెలల్లోనే బాండ్ దృష్టిలో వాడు కామోన్మాది, బాక్స్‌టర్ దృష్టిలో వాడే వ్యాపారి.

ఇక ఉత్తరాలు. పోలీసులను ఆటపట్టించాడన్న మాటంతా వీటి మీదే నిలబడింది. సెప్టెంబరు 25 తేదీ వేసి, ఎర్ర సిరాతో రాసిన ‘డియర్ బాస్’ ఉత్తరం వెళ్లింది పోలీసులకు కాదు, సెంట్రల్ న్యూస్ అనే వార్తా సంస్థకు. జాక్ ది రిప్పర్ అన్న పేరు పుట్టింది అక్కడే. అది ఏదో పత్రికా విలేకరి చేతిరాత అయి ఉంటుందని అప్పటి పెద్ద పోలీసు అధికారులే తరవాతి కాలంలో రాశారు. అదే నిజమైతే ఆ గొప్పలు, ఆ వెక్కిరింపు, ఆ పేరు ఏదీ హంతకుడిది కాదు. పత్రిక అమ్ముడుపోవాలన్న ఆరాటాన్ని మనం నూట ముప్పై ఏళ్లకు పైగా హంతకుడి మనస్తత్వంగా చదువుకుంటున్నామన్నమాట. పత్రికకే ఈ మాట రాస్తున్నందుకు మన్నించండి.

తల్లి మీది ద్వేషం సంగతి ఇంకా విచిత్రం. హత్యలు జరిగిన నూరేళ్లకు, 1988లో, అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐలో పనిచేసే జాన్ డగ్లస్ రాసిన అంచనాలో పెత్తనం చేసే తల్లి ప్రస్తావన ఉంది. లండన్‌లో అలాంటి తల్లిని ఎవరూ చూడలేదు. ఆ సంస్థవారు అంతకు ముందు అమెరికా జైళ్లలో 36 మంది హంతకులతో మాట్లాడి, వారి బాల్యాల్లో కనిపించిన పోలికలను బట్టి ఇలాంటి అంచనాలకు ఒక పద్ధతి ఏర్పరచుకున్నారు. ఆ 36 మందీ దొరికినవాళ్లు, నోరు విప్పడానికి ఒప్పుకున్నవాళ్లు. మనవాడు దొరకనే లేదు. దొరికినవాళ్ల కథలతో దొరకనివాడి బాల్యాన్ని కుట్టడానికి ఎంత ధైర్యం కావాలి!

ఈ పద్ధతికి పెద్దతాత బాండ్ గారే. హంతకుడు పైకి నెమ్మదస్తుడిలా, ఎవరికీ హాని చేయనివాడిలా కనిపిస్తాడని, మధ్యవయసువాడని, శుభ్రమైన బట్టలు కడతాడని, ఒంటరిగా ఉంటాడని, స్థిరమైన పని లేక చిన్న ఆదాయమో పింఛనో ఉండవచ్చని ఆయన రాశారు. పింఛను అన్న మాట దగ్గర నేనే ఒక్క క్షణం ఆగాను. మా వీధిలో ఈ వర్ణనకు సరిపోయేవాళ్లం నలుగురైదుగురం ఉన్నాం. చిలక జోస్యంలో చిలక ఏ కార్డు తీసినా మనదే అనిపిస్తుంది. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన 39 మంది విద్యార్థులకు మీ వ్యక్తిత్వం ఇదీ అని విడివిడిగా కాగితాలిచ్చి, ఎంత సరిపోయిందో ఐదుకు మార్కులు వేయమన్నారు. సగటున 4.26 వేశారు. అందరి కాగితాల్లోనూ ఉన్నది ఒకటే రాత. పైగా స్థిరమైన పని లేనివాడని బాండ్ అంటే, హత్యలన్నీ శుక్ర, శని, ఆదివారాల్లోనే జరిగాయి కనుక వారమంతా పనికి వెళ్లేవాడని తరవాతివాళ్లు అన్నారు. అవే తేదీలు, రెండు వేర్వేరు మనుషులు.

ముద్దాయి ఎదురుగా నిలబడ్డప్పుడే కారణం ఎంత జారిపోతుందో నేను చూశాను. సొంత అన్నను గొడ్డలితో నరికిన ఒక రైతు కేసు మా కోర్టుకు వచ్చింది. చార్జిషీటులో గట్టు తగాదా అని రాశారు. తల్లి బోనెక్కి సారా అంది. వదినగారు అంతకన్నా పాత సంగతేదో చెప్పబోయి ఏడ్చేసింది. చివర జడ్జిగారు నువ్వేమైనా చెప్పుకుంటావా అని అడిగితే, వాడు చాలాసేపు బోను కర్ర గీక్కుంటూ నిలబడి, ‘బుర్ర తిరిగిపోనాది బాబూ, ఏటో నాకే తెల్దు’ అన్నాడు. నేరం రుజువైంది, శిక్ష పడింది. కారణం మాత్రం మూడు రకాలుగా ఆ దస్త్రంలోనే ఉండిపోయింది. వాడు అబద్ధమాడాడని నాకు ఇప్పటికీ అనిపించదు.

రిప్పర్ కేసులో కారణం తెలియకపోయినా, ఈ స్త్రీలే వాడికి ఎందుకు దొరికారన్నది మాత్రం విచారణ కాగితాల్లో స్పష్టంగా ఉంది. రాత్రికి పడక అద్దె లేదని నికొల్స్‌ను లాడ్జింగు ఇంటి నుంచి బయటికి పంపారు. డబ్బు ఎంతసేపట్లో తెస్తాను, నా కొత్త టోపీ ఎంత బాగుందో చూడమని నవ్వుతూ వెళ్లింది. చాప్‌మన్ కూడా పడక డబ్బుల కోసమే, తన పడక వేరేవాళ్లకు ఇవ్వొద్దని చెప్పి, అర్ధరాత్రి దాటాక వీధిలోకి వచ్చింది. అప్పటికే ఊపిరితిత్తుల జబ్బు ముదిరి ఉందని శవపరీక్షలో తేలింది. తాగి పడిపోయిన ఎడోస్‌ను స్టేషన్‌లో ఉంచి ఒంటిగంటకు వదిలారు. ఆమె దగ్గర దొరికిన వస్తువుల జాబితాలో ఒక రేకు డబ్బాలో టీపొడి, మరో డబ్బాలో పంచదార ఉన్నాయి. కెల్లీకి మాత్రం గది ఉంది, అద్దె 29 షిల్లింగులు బాకీ. వాడికి ఎక్కువ సమయం దొరికింది ఆ గదిలోనే కనుక నిలువనీడ లేకపోవడమే అంతటికీ కారణమని నేను అనను. కానీ ఐదుగురూ నిత్యం వేశ్యావృత్తిలోనే ఉన్నారనడానికి ఒకే రకమైన ఆధారాలు లేనప్పుడు, ఊరిని శుద్ధి చేశాడన్న మాట కన్నా, ఆ వేళకు తలుపు తెరిచి పిలిచేవాళ్లు లేని మనుషులను ఎంచుకున్నాడన్న మాటే సాక్ష్యానికి దగ్గర. 1989లో కలకత్తాలో పేవ్‌మెంట్ల మీద నిద్రపోయేవాళ్ల తలల మీద బండరాళ్లు వేసి చంపినవాడికీ ‘స్టోన్‌మ్యాన్’ అని పేరొచ్చింది గాని, వాడెవడో తేలలేదు. వాడి మనసు గురించీ ఇలాగే ఎన్నో చెప్పగలం. ఆ మనుషులు ఎక్కడ పడుకున్నారన్నది మాత్రం ఊహ కాదు.

ఇదంతా చదువుకునేవాళ్ల కాలక్షేపమే కదా అని మీరు అనవచ్చు. కానీ ఇలాంటి ఊహ బతికున్న మనుషుల మీద పడుతుంది. వైట్‌చాపెల్‌లో ‘లెదర్ ఏప్రన్’ (తోలు ముందుగుడ్డ) అని పత్రికలు ఒక రాక్షసుణ్ని గీశాయి. ఆ పోలికతో జాన్ పైజర్ అనే యూదు చెప్పుల పనివాణ్ని సెప్టెంబరు 10న పట్టుకున్నారు. హత్యల వేళ తాను వేరేచోట ఉన్నానని రుజువు చేసుకుని బయటపడ్డాడు. ఆ నెలాఖరున గోడ మీద యూదుల గురించి సుద్దతో రాసిన రాత కనబడితే, తెల్లవారి జనం చదివితే అల్లర్లు రేగుతాయన్న భయంతో పోలీసు కమిషనర్ వారెన్ దాన్ని చెరిపించేశారు. మా వైపు ఏజెన్సీ పల్లెల్లో చూపు బట్టి ఒకరికి చిల్లంగి (చేతబడి) అంటగట్టి చంపిన కేసులు కోర్టుల దాకా వచ్చాయి. దాని మీద మా రాష్ట్రం 2013లో ప్రత్యేకంగా చట్టమే చేయవలసి వచ్చింది. 2018లో పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఫోన్లలో పుకార్లు వచ్చిన రోజుల్లో, మా సంతలో ఊడిన వెంట్రుకలు కొనుక్కుని గిన్నెలిచ్చే ఒక ముసలివాణ్ని చుట్టుముట్టారు. సంచి బోర్లిస్తే జుట్టు ఉండలు, రెండు అల్యూమినియం గిన్నెలు, ఒక చిన్నపిల్ల చెప్పుల జత పడ్డాయి. ఆ చెప్పులు చూడగానే గుంపు ఊగిపోయింది. ‘కళ్లు చూడండి మాస్టారూ, హంతకుడి కళ్లే’ అని నా పక్కనున్న చదువుకున్న కుర్రాడు నాతో అన్నాడు. అవి మనవరాలికి కొన్నవని ముసలివాడు తెలుగులోనూ ఒడియాలోనూ చెబుతూనే ఉన్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు సమయానికి వచ్చి ఆటో ఎక్కించారు కాబట్టి బతికాడు. చెప్పులు అక్కడే బురదలో ఉండిపోయాయి.

వ్యాసం రెండో భాగం వచ్చే ఆదివారం అని చివర వేశారు. అందులో రెండు సవరణలు కోరుతున్నాను. అనుమానితుల్లో ఒకడైన డ్రూయిట్‌ను మీరు డాక్టర్ అన్నారు. అది మెక్‌నాటెన్ చేసిన పొరపాటు. 1888 డిసెంబరు 31న థేమ్స్‌లో శవమై తేలిన ఆ మనిషి న్యాయవాది, బడి పంతులు. అతణ్ని డాక్టర్ని చేయడం వల్లనే మీ వ్యాసంలో కత్తి అంత తేలిగ్గా అతడి చేతికి వచ్చింది. రెండోది, మొదటి భాగంలో హంతకుడి పేరు ఎన్నోసార్లు వచ్చింది గాని, ఆ ఐదుగురు స్త్రీల పేర్లు ఒక్కసారి కూడా రాలేదు. పైన రాశాను, అచ్చుతప్పులు లేకుండా వేయగలరు.

ఇట్లు,
విశ్రాంత బెంచి గుమస్తా,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా