పదమూడు సెకన్లతో పదేళ్ల ఘనత చెరిగిపోదు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన ఎంఎంఎ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) పోరాటాల చరిత్రలో అందరికన్నా గొప్పవాడు ఖబీబ్ నుర్మగొమెదోవేనని, 29 పోరాటాల్లో ఒక్కసారి కూడా ఓడకుండా బరి నుంచి తప్పుకున్న మనిషిని చివరి రోజుల్లో వరుసగా దెబ్బలు తిన్నవాళ్లతో పోల్చడమే తప్పని నువ్వు రాసిన మాటలు చదివాక, ఎంత పని ఉన్నా పక్కన పెట్టి నీకు వివరంగా జవాబు రాయాలనిపించింది. ఖబీబ్‌ను తక్కువ చేయాలన్న ఉద్దేశం నాకు లేదు. కానీ ఒక పోరాటయోధుడి స్థానాన్ని అతని ఖాతాలో ఓటములు ఉన్నాయా లేవా అన్న ఒక్క లెక్కతో తేల్చేస్తే, ఈ ఆటకు ప్రాణం పోసిన సగం మందికి అన్యాయం జరుగుతుంది. అందుకు నాకు మొదట గుర్తొచ్చే పేరు జోస్ ఆల్డో.

ఈ మధ్యకాలంలో ఎంఎంఎ చూడడం మొదలుపెట్టిన ఎవరినైనా ఆల్డో గురించి అడిగి చూడు. 2015 డిసెంబరులో కానర్ మెక్‌గ్రెగర్ చేతిలో 13 సెకన్లలో పడిపోయినవాడే కదా అంటారు. ఆ రాత్రికి ముందు ఆల్డో పదేళ్లపాటు ఓటమి ఎరగడు. 2009లో డబ్ల్యూఈసీ అనే సంస్థలో ఫెదర్‌వెయిట్ బరువు విభాగం బెల్టు, అంటే ఛాంపియన్ పట్టం, గెలిచి, ఆ సంస్థ ఎంఎంఎలో అతిపెద్దదైన యూఎఫ్‌సీలో కలిసినప్పుడు అక్కడ ఆ విభాగానికి మొదటి ఛాంపియన్‌గా నిలిచి, ఒకరి తర్వాత ఒకరుగా వచ్చిన సవాలుదారులందరినీ వెనక్కి పంపించాడు. 2010లో యురైజా ఫేబర్‌తో అతను ఆడిన అయిదు రౌండ్లు నువ్వు ఇప్పటికీ చూడలేదని నాకు తెలుసు. ఆల్డో కుడికాలు ఫేబర్ ఎడమ తొడ మీద అదే చోట మళ్లీ మళ్లీ పడుతుంటే, మొదట ఫేబర్ అడుగు వేసే తీరు మారుతుంది, తరువాత ఆ కాలి మీద బరువు మోపడానికే జంకుతాడు, చివరి రౌండ్లకు వచ్చేసరికి సొంత ఊరి జనం ముందు నిలబడడమే అతనికి గగనమైపోతుంది. తరువాత బయటికొచ్చిన ఫొటోలో ఆ తొడ వాచిపోయి, కమిలి నల్లబడి ఉంది. లెగ్ కిక్ అనేది ఏదో పక్కవాటుగా వేసే దెబ్బ కాదని, దానితోనే పోరాటం మొత్తాన్ని గెలవవచ్చని ఒక తరానికి నేర్పింది ఆ రాత్రే అని నా నమ్మకం.

మెక్‌గ్రెగర్ కొట్టిన ఆ ఎడమచేతి దెబ్బను నేను అదృష్టం అనను. ఆల్డో ఆవేశంగా ముందుకు దూకుతాడని అతను ముందే పసిగట్టాడు, ఒక అడుగు వెనక్కి వేశాడు, వేస్తూనే కొట్టాడు. పడిపోతూ కూడా ఆల్డో విసిరిన ఎడమ హుక్ మెక్‌గ్రెగర్ ముఖానికి తగిలింది, నిదానంగా చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది. అది గొప్ప దెబ్బే, ఆ ఘనత మెక్‌గ్రెగర్‌ది. కానీ ఆ దెబ్బ అంత గొప్పదెందుకైందంటే, పడినవాడు ఆల్డో కాబట్టి. ఓడినవాడి పదేళ్లను కొట్టేస్తే గెలిచినవాడి 13 సెకన్లకు కూడా విలువ ఉండదు. పైగా ఆల్డో కథ అక్కడితో ఆగిపోలేదు. మ్యాక్స్ హాలోవే చేతిలో రెండుసార్లు ఓడిన తరువాత, అందరూ అతని పని అయిపోయిందనుకుంటున్నప్పుడు, ముప్పయ్యేళ్లు దాటిన ఒంటితో మరింత బరువు తగ్గించుకుని బాంటమ్‌వెయిట్‌కు దిగి, మార్లన్ వేరా, పెడ్రో మున్యోజ్, రాబ్ ఫాంట్‌లను వరుసగా ఓడించాడు. అయినా వీడియోల్లో తిరిగేది మాత్రం ఆ 13 సెకన్లే. నాకు నిజంగా కడుపు మండుతుంది.

ఫెడర్ ఎమెలియానెంకో విషయంలోనూ జరిగింది ఇదే. అతను యూఎఫ్‌సీలో ఎన్నడూ ఆడలేదు కాబట్టి లెక్కలోకి తీసుకోనక్కర్లేదని నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు. 2003లో జపాన్‌కు చెందిన ప్రైడ్ సంస్థలో నొగేరాను ఓడించి హెవీవెయిట్ ఛాంపియన్ అయినప్పుడు ప్రపంచంలో మేటి హెవీవెయిట్లు చాలామంది ఉన్నది జపాన్‌లోనే, అమెరికాలో కాదు. 2004లో కెవిన్ ర్యాండిల్‌మన్ అతన్ని అమాంతం పైకెత్తి తలకిందులుగా నేలకేసి కొట్టిన దృశ్యం చూస్తే మెడ విరిగిందేమో అనిపిస్తుంది. ఫెడర్ ముఖంలో మార్పే లేదు. కొద్ది సెకన్లలోనే తిరగబడి, చేతిని మెలితిప్పే కిమురా పట్టుతో పోరాటం ముగించాడు. మరుసటి ఏడాది ఆగస్టులో, అందరూ దూరంగా ఉండి ఆడాలని చూసే మిర్కో క్రోకాప్ మీదికి తానే నడుచుకుంటూ వెళ్లి, ప్రపంచంలోకెల్లా భయంకరమైన ఎడమకాలు ఉన్నవాణ్ని రౌండ్ల తరబడి వెనకడుగు వేయించాడు. మాజీ యూఎఫ్‌సీ ఛాంపియన్లయిన టిమ్ సిల్వియాను 2008లో 36 సెకన్లలో, ఆండ్రే ఆర్లోవ్‌స్కీని 2009లో మొదటి రౌండ్లోనే ఓడించిన సంగతి కూడా మరచిపోకు. 2010లో ఫాబ్రిసియో వెర్డూమ్ వేసిన ట్రయాంగిల్‌లో, అంటే కాళ్లతో మెడను బిగించే పట్టులో, చిక్కుకున్నాక అతని పతనం మొదలైంది, నిజమే. కానీ అప్పటికే దాదాపు పదేళ్లు గడిచాయి, ఆ పదేళ్లూ అతనిని ఓడించాలని ప్రయత్నించినవాళ్లలో చాలామంది సామాన్యులు కారు.

అండర్సన్ సిల్వాకు వచ్చేసరికి నాలో రెండు అభిప్రాయాలు పోట్లాడుకుంటాయి. 2006లో రిచ్ ఫ్రాంక్లిన్ నుంచి మిడిల్‌వెయిట్ బెల్టు అందుకుని 2013 జూలై దాకా దానిని వదలలేదు. యూఎఫ్‌సీలో వరుసగా 16 విజయాలు సాధించాడు. 2010 ఆగస్టులో చేల్ సానెన్ అతన్ని నాలుగు రౌండ్లూ, అయిదో రౌండ్లో మూడు నిమిషాల దాకా కింద పడేసి బాదుతూనే ఉన్నాడు. ఇక రెండు నిమిషాలు గడిస్తే బెల్టు పోతుందనగా, కింద పడి ఉన్న సిల్వా కాళ్లతో మెడకు ట్రయాంగిల్ వేసి, చేతిని లాగి పట్టి లొంగదీసుకున్నాడు. ఓడిపోతున్నవాడు చివరి దాకా మెదడును చల్లగా ఉంచుకోవడం అంటే ఏమిటో చూడాలంటే ఆ పోరాటం చూడాలి. అయితే 2015లో నిక్ డియాజ్‌తో పోటీ సందర్భంగా చేసిన డోపింగ్ పరీక్షల్లో అతను దొరికిపోయాడు, ఆ ఫలితం రద్దయింది. దానిని కప్పిపుచ్చి మాట్లాడడం నావల్ల కాదు. క్రిస్ వైడ్‌మన్ చేతిలో ఓడిపోవడం, అతనితోనే రెండో పోరాటంలో కాలు విరగడం మాత్రం నా లెక్కలో మచ్చలు కావు. 38 ఏళ్ల ఒంటికి వయసు పెట్టిన పరీక్షలు అవి.

ఇక జాన్ జోన్స్. ఒట్టి నైపుణ్యం ఒక్కటే కొలబద్ద అయితే నీతో వాదనే పెట్టుకోను, అతని పేరే మొదట రాస్తాను. 2011లో 23 ఏళ్లకే షోగున్ రువాను చిత్తుచేసి ఛాంపియన్ అయ్యాడు, ఆ తరువాత రెండేళ్లు కూడా తిరగకుండానే ర్యాంపేజ్ జాక్సన్, లియోటో మచీడా, రషాద్ ఎవాన్స్, విటోర్ బెల్‌ఫోర్ట్ వంటి మాజీ ఛాంపియన్లను ఒక్కొక్కరినీ ఓడించాడు. అతని ఖాతాలో ఉన్న ఒకే ఒక్క ఓటమి 2009లో మ్యాట్ హామిల్ మీద నిషిద్ధమైన మోచేతి దెబ్బలు వేసినందుకు అనర్హతగా వచ్చింది, అది కూడా గెలుస్తున్న పోరాటం. చూశావా, అంకెల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను: ఆ ఒక్కటి కారణంగా జోన్స్ ఖబీబ్‌కన్నా ఒక మెట్టు కింద ఉంటాడా? ఉండడు. అతన్ని నేను మొదటి స్థానంలో పెట్టలేకపోవడానికి కారణం వేరే ఉంది. 2017లో డేనియల్ కోర్మియేను తలకు తన్ని పడగొట్టిన ఆ అద్భుతమైన గెలుపు డోపింగ్ పరీక్ష వల్ల రద్దయింది, అంతకు రెండేళ్ల ముందు రోడ్డు ప్రమాదం కేసులో బెల్టు పోయింది. హెవీవెయిట్‌కు వెళ్లి 2023లో సిరిల్ గాన్‌ను రెండు నిమిషాల్లో లొంగదీశాక, తాత్కాలిక ఛాంపియన్ టామ్ ఆస్పినాల్‌తో తలపడాలని లోకమంతా ఎదురుచూసింది. ఆ పోరాటం జరగకుండానే 2025లో బెల్టు వదిలేశాడు. ప్రత్యర్థికి ఏ సందేహమూ మిగల్చకుండా గెలవగలిగిన మనిషి, మనకు ఇన్ని సందేహాలు మిగిల్చాడు.

ఇప్పుడు నీ ఖబీబ్. అతని ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చేది టేక్‌డౌన్ (ప్రత్యర్థిని పట్టి కింద పడేయడం) కాదు, టేక్‌డౌన్ తరువాత జరిగేది. ప్రత్యర్థిని కేజ్ గోడకు చేర్చి, రెండు కాళ్లనూ తన కాళ్లతో బంధించి, లేవడానికి నేలకు ఆనించిన చేతి మణికట్టును వెనకనుంచి పట్టి లాగేస్తాడు. ఊతం పోయిన మనిషి మళ్లీ కూలబడతాడు, ఖాళీగా ఉన్న చేత్తో ఖబీబ్ ముఖం మీద కొడుతూనే ఉంటాడు. అది నిజంగా ఉడుంపట్టు. 2018లో మెక్‌గ్రెగర్, 2019లో పోరియే, 2020 అక్టోబరులో గేతీ, ముగ్గురూ ఆ ఒత్తిడిని తట్టుకోలేక లొంగిపోయారు. తండ్రి కన్నుమూసిన కొద్ది నెలలకే గేతీని ట్రయాంగిల్‌తో లొంగదీసి, చేతి గ్లవ్స్ విప్పి మధ్యలో పెట్టి, తండ్రి లేకుండా ఇక ఆడనని తల్లికి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. ఆ నిర్ణయాన్ని గౌరవించనివాడు మనిషే కాడు. కానీ అతను బెల్టు కాపాడుకున్నది మూడుసార్లే. టోనీ ఫెర్గూసన్‌తో పోరాటం అయిదుసార్లు ఖరారై అయిదుసార్లూ జరగలేదు, అందులో ఖబీబ్ తప్పును మాత్రమే చూడడం న్యాయం కాదుగానీ, జరగని పోరాటాన్ని గెలిచినట్టు రాసుకోవడం కూడా న్యాయం కాదు. 32 ఏళ్లకే తప్పుకున్నాడు కాబట్టి ఓటముల లెక్కలో ఆ సున్నా అలాగే ఉంది. ఆల్డో కూడా 2015 నవంబరులో తప్పుకుని ఉంటే ఈ రోజు అతన్ని ఎవరు ప్రశ్నించేవారు?

నా దృష్టిలో మొదటి స్థానం జార్జ్ సెయింట్ పియర్‌ది. అతను రెండుసార్లు ఓడాడు. 2004లో మ్యాట్ హ్యూస్ మొదటి రౌండు ముగియడానికి ఒక్క సెకను ఉందనగా మోచేతిని వెనక్కి విరిచే ఆర్మ్‌బార్ పట్టుతో లొంగదీశాడు, 2007లో ఎవరూ ఊహించని విధంగా మ్యాట్ సెరా పడగొట్టాడు. ఆ ఇద్దరినీ తరువాత వెతుక్కుంటూ వెళ్లి మరీ ఓడించాడు, హ్యూస్‌నైతే రెండుసార్లు. సెరా చేతిలో ఓడిన తరువాతే అతను మారాడని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. కరాటే నుంచి వచ్చిన మనిషి, చిన్నప్పటినుంచీ కుస్తీ పట్టిన జాష్ కాస్చెక్‌నూ, జాన్ ఫిచ్‌నూ కుస్తీలోనే కింద పడేశాడంటే ఆ సాధన ఎలాంటిదో ఊహించుకో. 2010 డిసెంబరులో కాస్చెక్‌తో రెండోసారి తలపడినప్పుడు కుస్తీ అవసరం పెద్దగా రాలేదు, ముందు చేత్తో సూటిగా గుద్దే జ్యాబ్‌తోనే అయిదు రౌండ్లూ నడిపించాడు. మొదటి రౌండ్లోనే వాచిన కాస్చెక్ కుడికన్ను పూర్తిగా మూసుకుపోయింది, కంటి గూటి ఎముక విరిగింది. పడగొట్టకుండా న్యాయనిర్ణేతల తీర్పు మీద గెలిచేవాడని, విసుగు పుట్టించేవాడని అతన్ని నిందించేవాళ్లకు ఆ జ్యాబ్ చూపించాలి. మోకాలి శస్త్రచికిత్స తరువాత 2012లో తిరిగొచ్చి కార్లోస్ కాండిట్ కాలిదెబ్బకు కింద పడి కూడా లేచి గెలిచాడు. కఠినమైన డోపింగ్ పరీక్షలు కావాలని ఛాంపియన్‌గా ఉండగానే బహిరంగంగా అడిగాడు. వరుసగా తొమ్మిదిసార్లు బెల్టు నిలబెట్టుకుని, నాలుగేళ్ల విరామం తరువాత 2017లో పై విభాగంలోకి వెళ్లి మైకేల్ బిస్పింగ్‌ను స్పృహ తప్పేలా చేసి రెండో బెల్టు అందుకున్నాడు. 2013లో జానీ హెండ్రిక్స్‌తో పోరాటం మాత్రం చాలా దగ్గరి పోటీ, తీర్పు ఎటైనా ఇవ్వవచ్చు. దాని గురించి నువ్వు అడిగితే ఒప్పుకుంటాను.

రెండోవాడు డెమెట్రియస్ జాన్సన్. నువ్వు అతని పేరే ఎత్తలేదు, అది మాత్రం నాకు బాధ కలిగించింది. 57 కిలోలైనా లేని మనిషి కాబట్టి జనం పట్టించుకోలేదేమో, నువ్వు కూడానా? 2017 అక్టోబరులో రే బోర్గ్‌తో అయిదో రౌండ్లో, వెనకనుంచి నడుము పట్టి గాలిలోకి ఎత్తి, అతను నేలను తాకేలోపే పట్టు వదిలి, పడుతున్న చేతిని అందుకుని ఆర్మ్‌బార్ వేశాడు. రెండు వేరువేరు ఎత్తులు ఒకే కదలికలో కలిసిపోయాయి. అది అతను వరుసగా పదకొండోసారి బెల్టు నిలబెట్టుకోవడం, సిల్వా పది రికార్డును దాటిన రాత్రి కూడా అదే. తరువాత 2018లో హెన్రీ సెహూడోతో స్ప్లిట్ డెసిషన్‌లో, అంటే న్యాయనిర్ణేతలు రెండుగా చీలిన తీర్పులో, ఓడిపోయాడు, వన్ ఛాంపియన్‌షిప్ అనే మరో సంస్థలో అడ్రియానో మొరాయెస్ అతన్ని నాకౌట్ చేశాడు. 2022లో ఆ మొరాయెస్‌నే మోకాలితో నాకౌట్ చేసి, మరుసటి ఏడాది మళ్లీ ఓడించాడు.

అమాండా నూనెస్ గురించి వేరే ఉత్తరమే రాయాలి. రోండా రౌజీని 48 సెకన్లలో, క్రిస్ సైబోర్గ్‌ను 51 సెకన్లలో పడగొట్టిన మనిషికి మహిళల్లో పోటీ ఎవరూ లేరు. ఆమె కూడా 2021లో జూలియానా పెన్యా చేతిలో ఓడి, ఏడాది తిరగకుండానే బెల్టు వెనక్కి తెచ్చుకుంది.

కాబట్టి నా వరుస ఇది: సెయింట్ పియర్, జాన్సన్, ఫెడర్, ఆ తరువాత ఖబీబ్, అతని పక్కనే ఆల్డో. జోన్స్‌కూ సిల్వాకూ ఎక్కడ చోటివ్వాలో నువ్వే చెప్పు, ఆ పరీక్షల సంగతి పక్కన పెట్టకుండా చెప్పు. జవాబు రాసే ముందు ఆల్డో, ఫేబర్ పోరాటం అయిదు రౌండ్లూ తప్పకుండా చూడు. ఖబీబ్‌ను మొదటి స్థానం నుంచి కదిలించనంటే కదిలించకు, కానీ అతని సున్నాను ఒక్కసారి కూడా ప్రస్తావించకుండా ఆ వాదన నిలబెట్టి చూపించు.

నీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
నీ స్నేహితుడు